ఫ్యామిలీ సినిమా అన్నారు కదా అని నాలుగేళ్ల పాపని తీసుకెళ్లొచ్చా?

పండగ సెలవులొస్తే చాలా ఇళ్లలో ఇదే చర్చ. పెద్దాడికి తొమ్మిదేళ్లు, వాడికి ఫైట్లున్న సినిమా కావాలి. చిన్నదానికి నాలుగేళ్లు, అన్నయ్య ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్లాలి. పోస్టర్ మీద ‘కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం’ అని ఉంటుంది. బుకింగ్ యాప్‌లో సినిమా పేరు పక్కన యుఎ అని కనిపిస్తుంది. పక్కింటావిడ ‘మా పిల్లలు తెగ నవ్వారండీ’ అంటుంది. ఈ మూడింటినీ నమ్మి టికెట్లు కొనేస్తాం.

పోస్టర్ ఇచ్చే హామీ పెద్దవాళ్లకి. అత్తగారి పక్కన, మామగారి పక్కన కూర్చుని ఇబ్బంది పడకుండా చూడొచ్చని దాని భావం. సర్టిఫికెట్ దేశంలోని పిల్లలందరికీ కలిపి వేసిన ఒక అంచనా. పక్కింటి పిల్లల సంగతి పక్కింటావిడకి తెలుస్తుంది గానీ మీ పాప సంగతి ఆవిడకి తెలీదు. అందుకే సినిమా ఎంచుకునేటప్పుడు నేను వేరే మూడు విషయాలు చూస్తాను. తెరమీద అమ్మానాన్నలకి, పిల్లలకి ఏమవుతోంది? భయపెట్టే ఘట్టం ఎంతసేపు సాగుతుంది? అది అయ్యాక ఊరట ఎంత త్వరగా వస్తుంది? రక్తం ఎంత పారింది, బూతులెన్ని ఉన్నాయి అన్న లెక్కకంటే చిన్నపిల్లల విషయంలో ఈ మూడే ఎక్కువ పనికొస్తాయి.

సర్టిఫికెట్‌ని ఎంతవరకు నమ్మాలి

మనం సెన్సార్ బోర్డు అని పిలుచుకునే కేంద్ర ఫిల్మ్ సర్టిఫికేషన్ బోర్డు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్లు ఇస్తుంది. యు అంటే అందరూ చూడొచ్చు, ఎ అంటే 18 ఏళ్లు నిండినవాళ్లే చూడాలి. ఆ రెండింటికీ మధ్య 1983లో యుఎ వచ్చింది. 12 ఏళ్లలోపు పిల్లలు చూడాలా వద్దా అనేది తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని దాని అర్థం. 2023లో చట్టాన్ని సవరించి ఆ యుఎని మూడు భాగాలు చేశారు: యుఎ 7+, యుఎ 13+, యుఎ 16+. ఇది మంచి మార్పు. అంతకుముందు ఒక చిన్న కొట్లాట ఉన్న హాస్య సినిమాకీ, తలలు తెగిపడే యుద్ధ సినిమాకీ ఒకే యుఎ ఉండేది.

అయితే ఈ అంకెలు తల్లిదండ్రులకి సూచనలు మాత్రమే. ఎ సర్టిఫికెట్ సినిమాకైతే పిల్లల్ని గేటు దగ్గరే ఆపాలి. యుఎ 16+ సినిమాకి ఆరేళ్ల పిల్లాడితో వెళ్తే ఎవరూ ఆపరు, ఆపాలన్న నియమం లేదు. అంటే ఆ నిర్ణయం పూర్తిగా మన మీదే పెట్టారు. చాలామంది ‘లోపలికి పంపించారు కాబట్టి పర్వాలేదు’ అనుకుంటారు, అది సరికాదు.

ఒకే సినిమాని రెండు దేశాలు ఎంత వేరుగా చూస్తాయో చెప్పడానికి ‘బాహుబలి’ రెండో భాగం చాలు. 2017లో ఇక్కడ దానికి యుఎ వచ్చింది, చంకలో పిల్లలతో వెళ్లి చూశారు జనం. సింగపూర్‌లో అదే సినిమాకి హింస ఎక్కువని ఎన్‌సీ 16 ఇచ్చారు. అంటే అక్కడ 16 ఏళ్లలోపు వాళ్లని హాల్లోకే రానివ్వరు. సినిమా మారలేదు, కొలబద్ద మారింది. కాబట్టి అక్షరం చూసి ఆగిపోకుండా ఆ సినిమాలో ఏముందో తెలుసుకోవాలి.

బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. అక్కడి సెన్సార్ బోర్డు లాంటి బీబీఎఫ్‌సీ, హాళ్లలో విడుదలయ్యే తెలుగు సినిమాలకి కూడా రేటింగ్ ఇచ్చి, ఎందుకిచ్చిందో నాలుగు ముక్కల్లో రాస్తుంది. హింస ఏ స్థాయిలో ఉంది, బెదిరింపు ఉందా, పిల్లలకి ఆపద కలిగే సన్నివేశాలున్నాయా అని. వాళ్ల లెక్కలో యు సినిమా నాలుగేళ్లు దాటిన పిల్లలకి, పీజీ సినిమా ఎనిమిదేళ్లు దాటిన పిల్లల్ని కలవరపెట్టకూడనిది. హైదరాబాద్‌లో కూర్చుని కూడా ఆ సమాచారం చదువుకోవచ్చు, కొత్త తెలుగు సినిమాకి వెళ్లేముందు నేను మొదట చూసేది అదే. అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ అవకాశం తక్కువ. అక్కడ విడుదలయ్యే తెలుగు సినిమాల్లో ఎక్కువ వాటికి పీజీ, పీజీ 13 లాంటి రేటింగులే ఉండవు.

ఏ వయసుకి ఏది భయం

పెద్దవాళ్లం పొరపడేది ఎక్కువగా ఇక్కడే. మనకి భయం వేసింది పిల్లలకి వేస్తుందనీ, మనం నవ్వుకున్నది వాళ్లూ నవ్వుకుంటారనీ అనుకుంటాం.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ కాంటర్ అనే పరిశోధకురాలు పిల్లలు, తెరమీది భయాల గురించి ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఆమె చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఇది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కనిపించే దాన్ని చూసి భయపడతారు. కోరలు, ఎర్రటి కళ్లు, వికృతమైన ముఖం, ఒక్కసారిగా ఆకారం మారిపోవడం. ఎనిమిదీ తొమ్మిదేళ్లు వచ్చేసరికి, జరగడానికి వీలున్న దాన్ని చూసి భయపడతారు. దొంగలు పిల్లల్ని ఎత్తుకెళ్లడం, ఇల్లు తగలబడటం, నాన్నకి యాక్సిడెంట్ అవ్వడం లాంటివి. హల్క్ టీవీ సీరియల్ చూపించి పరిశీలిస్తే చిన్నపిల్లలు ఎక్కువ భయపడింది మంచి మనిషి ఆకుపచ్చ ఆకారంగా మారే ఘట్టానికి. ఆ ఆకారం వచ్చాక అందర్నీ కాపాడుతుందన్న సంగతి పెద్దపిల్లలకి గుర్తుంటుంది. చిన్నపిల్లలకి ఆ క్షణంలో కళ్లముందున్నదే నిజం.

దీన్ని మన సినిమాలకి అన్వయించి చూడండి. విలన్ మెత్తగా, నవ్వుతూ, సూటు వేసుకుని ఎవరినో చంపమని ఫోన్‌లో చెప్తే నాలుగేళ్ల పాప పట్టించుకోదు. అదే సీన్ తొమ్మిదేళ్ల వాడికి రాత్రి గుర్తొస్తుంది. కోరమీసాలతో, గంట మోగినట్టు నవ్వే రాక్షసుణ్ణి చూసి తొమ్మిదేళ్ల వాడు నవ్వుతాడు, నాలుగేళ్లది మన చీర కుచ్చిళ్లలో తల దూర్చేస్తుంది. ఒకే సినిమా ఒకే ఇంట్లో ఇద్దరికీ వేర్వేరు చోట్ల గుచ్చుకుంటుంది.

హాల్లో పాప భయపడుతోందని తెలుసుకోవడానికి ఏడుపు దాకా ఆగక్కర్లేదు. తింటున్న చెయ్యి ఆగిపోతుంది. కాళ్లు పైకి లాక్కుని సీట్లో ముడుచుకుంటుంది. ‘అయిపోయిందా?’ అనో ‘ఇంటికెప్పుడెళ్తాం?’ అనో అడుగుతుంది. కొందరు బాత్రూమ్ అంటారు, వెళ్లొచ్చాక మళ్లీ బాత్రూమ్ అంటారు. ఇవన్నీ ‘నాకిక్కడ వద్దు’ అని చెప్పడమే. అల్లరి చేస్తున్నారని కసరకండి.

ఒకే కథ, రెండు సినిమాలు

పురాణ కథ కదా, దేవుడి సినిమా కదా అని కళ్లు మూసుకుని తీసుకెళ్లేవాళ్లు చాలామంది. ప్రహ్లాదుడి కథనే తీసుకోండి. 1967లో ఏవీఎం వారి ‘భక్త ప్రహ్లాద’లో రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు. 2025లో ‘మహావతార్ నరసింహ’ అదే కథని యానిమేషన్‌లో చూపించింది. నాలుగైదేళ్ల పిల్లలున్న వాళ్లు సహజంగానే రెండోది ఎంచుకుంటారు, బొమ్మల సినిమా కాబట్టి. ఆ వయసుకి ఈ రెండింట్లో ఒకటి చూపించక తప్పదంటే నేను మొదటిదే చూపిస్తాను.

కారణం ఇదీ. 1967 నాటి సినిమా నాటకం పద్ధతిలో నడుస్తుంది. కెమెరా కాస్త దూరంగా ఉంటుంది, మధ్యమధ్య పద్యాలూ పాటలూ వస్తాయి, ఏనుగులు వచ్చినా పాములు వచ్చినా ఆ పిల్లాడి ముఖంలో చిరునవ్వు చెరగదు. పిల్లలు ఆ ముఖాన్నే చూస్తుంటారు. ప్రహ్లాదుడికి భయం లేదు కాబట్టి వీళ్లకీ ధైర్యంగా ఉంటుంది. కొత్త సినిమా పెద్ద తెరకోసం తీసింది. ఆకారాలు భారీగా ఉంటాయి, శబ్దం గుండెల్లో తగులుతుంది, పోరాటం చాలాసేపు సాగుతుంది. ఉగ్ర నరసింహుడు అంటే ఉగ్రంగానే ఉండాలి, ఆ పని వాళ్లు బాగా చేశారు. అందుకే అది పదేళ్ల వాడికి ఒళ్లు గగుర్పొడిచే అనుభవం, నాలుగేళ్ల పాపకి రాత్రి నిద్ర పట్టని సంగతి.

అసలు ఈ కథలోనే పసిపిల్లలకి కష్టమైన ముడి ఒకటుంది. కన్నతండ్రే కొడుకుని చంపించాలని చూస్తాడు. ఐదేళ్లలోపు పిల్లలు దీని దగ్గర ఆగిపోతారు. ‘వాళ్ల నాన్న ఎందుకు కొడుతున్నాడు?’ అన్న ప్రశ్నకి భక్తి గురించీ, వరం గురించీ ఏం చెప్పినా వాళ్లకి అందదు. ఆ వయసుకి ప్రహ్లాదుణ్ణి తెర మీద కాకుండా నోటితో చెప్పడమే మేలని నా అభిప్రాయం. చెప్పేటప్పుడు పాప ముఖం చూసి స్తంభం పగిలే చోట గొంతు తగ్గించొచ్చు, పేగులు తీసే మాట వదిలేయొచ్చు. హాల్లో ఆ వీలు లేదు.

యానిమేషన్ అయితే పిల్లల సినిమా అన్న లెక్క హాలీవుడ్ వాటికీ పనికిరాదు. ‘లయన్ కింగ్’ 2019లో మళ్లీ వచ్చినప్పుడు తెలుగులో సింబాకి నాని గొంతు ఇచ్చాడు, టిమోన్, పుంబాలకి ఆలీ, బ్రహ్మానందం చెప్పారు. ఆ గొంతులు విని ఇంటిల్లిపాదీ వెళ్లారు. కానీ సగం కూడా కాకముందే తండ్రి సింహం చనిపోతుంది, పిల్ల వెళ్లి ఆ శరీరాన్ని మూతితో కదుపుతూ లేపడానికి చూస్తుంది. అంతటితో ఆగదు. ఇదంతా నీవల్లే జరిగిందని బాబాయి ఆ పిల్లని నమ్మిస్తాడు. నాలుగేళ్ల పిల్లలకి మొదటిది బాధ. ఆరేడేళ్ల పిల్లలకి రెండోది ఇంకా పెద్ద బాధ, ఎందుకంటే తమ తప్పువల్లే పెద్దవాళ్లకి ఏదో అవుతుందేమో అన్న బెంగ ఆ వయసులో నిజంగానే ఉంటుంది. అయినా నేను ఈ సినిమాని ఆరేళ్లు దాటిన పిల్లలకి చూపించమనే చెప్తాను. ఆ దుఃఖం తర్వాత కాసేపటికే టిమోన్, పుంబా వచ్చేస్తారు, పాటొస్తుంది, పిల్లలు నవ్వుతారు. చివరికి నిజం బయటపడుతుంది, సింబా తప్పు లేదని తేలుతుంది. భయం, ఊరట, న్యాయం ఈ వరసలో, దగ్గర దగ్గరగా వస్తే పిల్లలు చాలా తట్టుకుంటారు.

ఆ ఊరట రాకుండా ముగిసే సినిమాలతోనే జాగ్రత్తగా ఉండాలి. మణిరత్నం ‘అంజలి’ 1990లో తమిళంలో వచ్చి తెలుగులోనూ బాగా ఆడింది. నిండా పిల్లలే, అల్లరే, పాటలే. అసభ్యత లేదు. ఏ కొలత ప్రకారం చూసినా కుటుంబ సినిమానే. చివర్లో ఆ చిన్నపాప చనిపోతుంది, అక్కా అన్నా లేవమని పిలుస్తారు, పాప లేవదు, సినిమా అక్కడితో అయిపోతుంది. గొప్ప సినిమా. చెల్లెలో తమ్ముడో ఉన్న ఐదారేళ్ల పిల్లలకి మాత్రం అది ఇప్పుడే వద్దు. పదేళ్లు దాటాక, పక్కన కూర్చుని చూపించండి.

పాత బంగారంలో కూడా తేడా ఉంది

పాత పౌరాణికాలన్నీ పిల్లలకి మంచివే అని తాతయ్యలు, అమ్మమ్మలు వాదిస్తారు. చాలావరకు నిజమే, కానీ అన్నీ ఒక్క గాటన కట్టలేం. ‘మాయాబజార్’, ‘లవకుశ’ పక్కపక్కన పెట్టి చూడండి.

1957 నాటి ‘మాయాబజార్’లో పిల్లలకి కావాల్సినవన్నీ ఉన్నాయి. తిరిగే మంచం, మనుషుల్ని చుట్టేసే కంబళి, గంపెడు లడ్డూలు, తోక ముడిచి పారిపోయే గర్వపోతులు. ఆడపిల్ల రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసే హావభావాలకి ఇప్పటి పిల్లలు కూడా పడీ పడీ నవ్వుతారు. భారతంలోని పాత్రలే అయినా చావు లేదు, యుద్ధం దాకా వెళ్లదు. చెడ్డవాళ్లకి పడే శిక్ష అంతా నవ్వులపాలు కావడమే. భయపెట్టే చోటంటే ఘటోత్కచుడు మొదటిసారి వచ్చే ఘట్టం, అడవిలో అభిమన్యుడితో తలపడటం. అప్పుడు పక్కన ఉండి ‘వీడు వాళ్ల అన్నయ్యే, ఇప్పుడే తెలుస్తుంది చూడు’ అని ముందే చెప్పేస్తే సరిపోతుంది. చిన్నపిల్లలకి ముందే కథ చెప్పేస్తే మజా పోదు, ఇంకా పెరుగుతుంది. ఒకటే చిక్కు, నిడివి. మూడు గంటల సినిమా నాలుగేళ్ల పిల్లలు ఒకేసారి చూడలేరు. మూడు రోజులు కొంచెం కొంచెం చూపించండి. పద్యాలొచ్చినప్పుడు లేచి ఆడుకుంటే ఆడుకోనివ్వండి.

1963 నాటి ‘లవకుశ’ తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల సినిమా. ఇద్దరు బుజ్జి పిల్లలు రామాయణం పాడుతూ తిరిగే కథ కాబట్టి పిల్లల సినిమా అనిపిస్తుంది. లోపల ఉన్నది వేరు. నిండు గర్భిణిని భర్త అడవికి పంపించేస్తాడు, తీసుకెళ్లి వదిలేసి వచ్చేది ఆమె కన్నబిడ్డలా చూసుకునే మరిది. చివర్లో అమ్మ భూమిలోకి వెళ్లిపోతుంది, పిల్లలిద్దరూ అమ్మా అమ్మా అని ఏడుస్తూ ఉండిపోతారు. పెద్దవాళ్లకి అది సీతమ్మ పవిత్రత. ఐదేళ్ల పిల్లకి అమ్మ వెళ్లిపోవడం. ‘నువ్వు కూడా వెళ్లిపోతావా?’ అని ఆ రాత్రి అడిగితే ఆశ్చర్యపోకండి. దీన్ని ఎనిమిదేళ్లు దాటాక చూపిస్తే, రాముడు అలా ఎందుకు చేశాడని వాళ్లే వాదనకి దిగుతారు, అప్పుడు ఆ సినిమాకి విలువ. అంతకుముందు చూపించాలనుంటే లవకుశులు అశ్వమేధం గుర్రాన్ని కట్టేసే దాకా చూపించి ఆపేయండి.

స్టార్ సినిమాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘బాహుబలి’ మొదటి భాగంలో తెర లేవగానే వెన్నులో బాణం దిగిన ఆడమనిషి పసిబిడ్డని నీళ్లపైకి ఎత్తిపట్టుకుని తాను మునిగిపోతుంది. ఆ తర్వాత యుద్ధాలు, తెగే తలలు. పదేళ్లలోపు వద్దంటాను. ‘ఈగ’ విషయంలో నాకు కొంచెం సంశయం ఉంటుంది. 2012లో అది వచ్చినప్పుడు పిల్లలు చూసినంతగా ఇంకే తెలుగు సినిమా చూడలేదేమో అనిపించింది. ఈగ చేసే పనులకి వాళ్ల ఆనందం అంతా ఇంతా కాదు. కానీ ఆ ఈగ పుట్టడానికి ముందు మనిషిని విలన్ చంపడం చాలా దగ్గరగా, నిదానంగా చూపిస్తారు. ఇంట్లో అయితే ఆ ఘట్టం దాటించి ఏడెనిమిదేళ్ల పిల్లలకి చూపించొచ్చు.

ఇక హాస్యం నిండిన కుటుంబ సినిమాలు. వీటిలో భయం ఉండదు, ఇంకో రకం చిక్కు ఉంటుంది. హీరో ఆ అమ్మాయి వద్దన్నా వెంటపడటం, లావుగా ఉన్నవాళ్లనీ నల్లగా ఉన్నవాళ్లనీ ఎగతాళి చేయడం, తాగి చేసే గోలని గొప్పగా చూపించడం, పనివాళ్లని చెంప వాయించి నవ్వించడం. నాలుగేళ్లకి అర్థం కాదు గానీ మాట నోటికొచ్చేస్తుంది, సోమవారం బడిలో ఎవరినో అదే మాట అంటారు. ఏడెనిమిదేళ్లకి సగం అర్థమవుతుంది, అదే ఎక్కువ ఇబ్బంది. సినిమా మానేయమని అనను. ఇంటికొచ్చాక ‘వాడు అలా అనడం నాకు నచ్చలేదు’ అని ఒక్క మాట పైకి అనండి. పిల్లలు వింటారు.

హాలా, ఇల్లా

అదే సినిమా హాల్లో ఒకలా, ఇంట్లో ఇంకోలా ఉంటుంది. హాల్లో చీకటి, తెర గోడంత, శబ్దం నాలుగు వైపుల నుంచీ. ఆపే బటన్ లేదు. ఆరేళ్లలోపు పిల్లలకి అనుమానమున్న ప్రతి సినిమానీ ఇంటికే వాయిదా వేయండి, ఓటీటీలోకి రావడానికి ఎన్నాళ్లో పట్టదు. ఓటీటీ వేదికలకి 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం వయసు రేటింగు చూపించడం తప్పనిసరి. యుఎ 13+, అంతకుమించిన వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. సినిమా మొదలవగానే తెర మూలన వయసుతో పాటు హింస, అసభ్య భాష అంటూ కారణాలు కనిపిస్తాయి. అవి నాలుగైదు సెకన్లలో పోతాయి, చూసి పెట్టుకోండి.

ఇంట్లో అయినా గంటల తరబడి అని కాదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్లలోపు పిల్లలకి తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దనీ ఉంది. అంటే పసివాళ్లని ఒళ్లో పెట్టుకుని వెళ్లే రెండున్నర గంటల సినిమా వాళ్లకోసం కాదు, మనకోసం. మనం చూడాలనుకోవడం తప్పేమీ కాదు. పసివాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తే ఇద్దరికీ హాయి.

హాలుకే వెళ్లాలనుకుంటే ఏ ఆటకి అన్నది కూడా సినిమా ఎంపికంత ముఖ్యం. మొదటిరోజు ఈలలు, కాగితాలు, బయట బాణాసంచా. వారం ఆగి, మామూలు రోజు మ్యాట్నీకి వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది. అర్ధరాత్రి బెనిఫిట్ షోకి చిన్నపిల్లలతో వెళ్లడం ఏ విధంగా చూసినా మంచిది కాదు. 2024 డిసెంబరులో హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాట తర్వాత, 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు 16 ఏళ్లలోపు పిల్లల్ని ఉదయం 11 లోపు, రాత్రి 11 తర్వాత ఆటలకి రానివ్వొద్దని చెప్పింది. ఆ తర్వాత మల్టీప్లెక్సుల అభ్యర్థనతో ఆ ఆంక్షని సడలించారు. కోర్టు ఏం చెప్పినా చెప్పకపోయినా రాత్రి 11 అంటే పిల్లలు నిద్రపోవాల్సిన వేళ. నిద్రమత్తులో ఉన్న పిల్లకి చిన్న శబ్దమే పెద్ద భయం.

సినిమా ఎంత బాగున్నా దానికి ముందు వచ్చేవాటిని మర్చిపోకండి. తెరమీద పొగాకు వాడకం చూపించే సినిమాకి మొదట్లోనూ, ఇంటర్వెల్ తర్వాతా పొగాకు వ్యతిరేక ప్రకటన వేయాలి. నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ల ముఖాలు, ఆస్పత్రి మంచాలు అందులో ఉంటాయి. పెద్దవాళ్లకి మంచి హెచ్చరిక, పసిపిల్లలకి సినిమా మొత్తంలో అదే ఎక్కువ గుర్తుండిపోవచ్చు. వేరే సినిమాల ట్రైలర్లు కూడా అంతే. ఒక పెద్దమనిషి లోపల సీట్లు చూసుకుంటే, ఇంకొకరు పిల్లలతో బయట సమోసాల దగ్గర ఆగి, అసలు సినిమా మొదలయ్యేముందు లోపలికెళ్తే సరి. ఇంటర్వెల్ అయ్యాక కూడా తొందరపడొద్దు.

టికెట్లు కొనేముందు

ఒక్క ఫోన్ చాలు. ఆ సినిమా చూసిన, చిన్నపిల్లలున్న స్నేహితురాలికి చేయండి. ‘బాగుందా?’ అని అడిగితే ‘బాగుంది’ అంటుంది. అలా కాకుండా ఇలా అడగండి: అమ్మో నాన్నో చనిపోతారా? పిల్లల్ని ఎవరైనా కొడతారా, ఎత్తుకెళ్తారా? చూడ్డానికి భయంకరమైన ముఖాలున్నాయా? మీ వాడు ఎక్కడైనా నీ చెయ్యి పట్టుకున్నాడా? చివర్లో అంతా సర్దుకుంటుందా? ఈ ప్రశ్నలకి ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు. ట్రైలర్ పిల్లలు పడుకున్నాక మీరొక్కరే చూడండి. రివ్యూల్లో మొదటి సగం, రెండో సగం, సంగీతం, కెమెరా అన్నీ ఉంటాయి గానీ పిల్లల సంగతి ఒక్క ముక్క ఉండదు, అందుకని వాటిమీద ఎక్కువ ఆధారపడలేం.

ఇంట్లో తొమ్మిదేళ్ల వాడూ నాలుగేళ్ల పాపా ఉంటే హాలుకి పాప వయసుని బట్టే సినిమా ఎంచుకోండి. వాడికి కొంచెం చప్పగా ఉంటుంది, సర్దుకుంటాడు. వాడికి కావాల్సిన ఫైట్ల సినిమాకి వాడినొక్కణ్ణే నాన్నో మావయ్యో తీసుకెళ్తే, పెద్దాణ్ణయ్యానని వాడికి ఇంకా గర్వంగా ఉంటుంది. ఇద్దర్నీ కలిపి మధ్యస్థంగా ఉన్న సినిమాకి తీసుకెళ్తే మాత్రం, భయపడే పాపని ఎత్తుకుని తిరిగేవాళ్లకి సినిమా ఉండదు, వాడికి మనశ్శాంతి ఉండదు.

ఎంత చూసుకుని వెళ్లినా ఒక్కోసారి మధ్యలో పాప భయపడుతుంది. అప్పుడు ‘అదంతా ఉత్తిదే, నిజం కాదు’ అంటే ఆరేళ్లలోపు పిల్లలకి పనిచేయదని కాంటర్ కూడా చెప్తారు, మన అనుభవమూ అదే. ఒళ్లోకి తీసుకోవడం, కళ్లు మూసి భుజం మీద వేసుకోవడం, తినడానికి ఏదైనా చేతికివ్వడం, లేదా లేచి బయటకి రావడం, ఇవి పనిచేస్తాయి. పెద్దపిల్లలకి మాటలు పనికొస్తాయి: అది ఎలా తీశారో, ఆ రక్తం రంగు నీళ్లని, ఆ నటుడు షూటింగ్ అయ్యాక ఇంటికెళ్లి అన్నం తిన్నాడని చెప్పండి. ‘మగపిల్లాడివి, భయమేంట్రా’ అనొద్దు. అలా అంటే భయం పోదు, మనకి చెప్పడం మానేస్తాడు. లేచి బయటకి రావడానికి వీలుగా చివరి సీట్లు, దారి పక్కన తీసుకోండి. టికెట్ల డబ్బులు పోతాయని కూర్చోబెట్టొద్దు, ఆ డబ్బు కూర్చున్నా తిరిగి రాదు.

బయటకి వచ్చేశాక ఒక పని మిగిలి ఉంటుంది. భయం దగ్గర లేచి వచ్చేసిన పిల్లకి ఆ కథ భయం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మర్నాడు పగటిపూట, అన్నం పెట్టేటప్పుడో తల దువ్వేటప్పుడో మిగతా కథ చెప్పేయండి. సింబా పెద్దవాడయ్యాడని, తిరిగొచ్చాడని, బాబాయి చెప్పింది అబద్ధమని అందరికీ తెలిసిపోయిందని. కావాలంటే చివరి భాగం ఒక్కటీ ఫోన్‌లో, శబ్దం తగ్గించి చూపించండి. రెండోసారి చెప్పమంటే రెండోసారీ చెప్పండి.